లినక్స్‌లో క్లౌడ్ సింక్ ఫోల్డరును మరో డిస్కుకు మార్చడం: ఎదురయ్యే చిక్కులు, పరిష్కారాలు

విజయవాడ ఏలూరు రోడ్డులో ఒక చిన్న ప్రచురణ కార్యాలయం ఉందనుకుందాం. అక్కడి ఉబుంటు కంప్యూటరులో ఉన్నది 256 జీబీ ఎస్‌ఎస్‌డీ. పాత పుస్తకాల స్కాన్లు, ప్రూఫులు, ముఖచిత్రాలు అన్నీ హోమ్ డైరెక్టరీలోని సింక్ ఫోల్డరులోనే (క్లౌడులోని ప్రతితో తనంతట తానే సరిపోలుతూ ఉండే ఫోల్డరు) పేరుకుపోయి డిస్కు నిండిపోతుంది. 2 టీబీ హార్డ్ డిస్కు కొని బిగిస్తారు, ఇక ఫోల్డరును అందులోకి జరపాలి. మామూలు ఫోల్డరయితే కట్ చేసి పేస్ట్ చేస్తే సరిపోయేది. సింక్ ఫోల్డరు విషయంలో ఆ పద్ధతి ప్రమాదకరం. ఫోల్డరు ఖాళీగా కనిపించినప్పుడు, అది చోటు మారినందువల్ల ఖాళీ అయిందో, మీరే ఫైళ్లన్నీ తొలగించారో చాలా సింక్ ప్రోగ్రాములు తేల్చుకోలేవు. తొలగించారనే అనుకుంటే ఆ తొలగింపును క్లౌడుకూ, అక్కడి నుంచి మీ మిగతా కంప్యూటర్లకూ చేరవేస్తాయి. అందువల్ల ఈ పని మొత్తంలో ఎప్పటికీ తప్పకూడని నియమం ఒక్కటే: క్లయింటు (కంప్యూటరులోని సింక్ ప్రోగ్రాము) నడుస్తున్నంతసేపూ దానికి ఖాళీ ఫోల్డరు కనిపించకూడదు.

డ్రాప్‌బాక్స్ వాడేవారికి దారి సులువు. ప్రిఫరెన్సెస్‌లోని సింక్ ట్యాబులో ఫోల్డరు స్థానాన్ని మార్చే సదుపాయం ఉంటుంది, దాన్ని వాడితే క్లయింటే ఫైళ్లను తరలించి కొత్త దారిని గుర్తుపెట్టుకుంటుంది. నెక్స్ట్‌క్లౌడ్‌లో ముందుగా ఆ ఫోల్డరు సింక్ కనెక్షన్‌ను తొలగించాలి. ఇలా తొలగించినా కంప్యూటరులోని ఫైళ్లు పోవు. తరువాత ఫోల్డరును తరలించి, కొత్త చోటును చూపిస్తూ కనెక్షన్‌ను మళ్లీ చేర్చాలి. ఒకవేళ ఖాతాను మొదటి నుంచి అమర్చుతున్నట్లయితే, ఉన్న ఫైళ్లను ఉంచాలా, తుడిచేసి కొత్తగా దించుకోవాలా అని క్లయింటు అడిగే చోట తొందరపడకుండా చదివి, ఉంచమనే ఎంచుకోవాలి. గూగుల్ డ్రైవ్‌కు లినక్స్‌లో అధికారిక క్లయింటు లేదు కనుక చాలామంది ఆర్‌క్లోన్ అనే కమాండ్ ప్రోగ్రాము వాడుతున్నారు. ఆర్‌క్లోన్‌లోని సింక్ కమాండు మూలంలో లేని ప్రతి ఫైలునూ గమ్యంలో తొలగిస్తుంది. పాత దారితో రాసిన స్క్రిప్టు ఏ క్రాన్‌లోనో (నిర్ణీత సమయాల్లో కమాండ్లు నడిపే ఏర్పాటు) మిగిలి, ఆ దారిలో ఖాళీ ఫోల్డరు ఉన్నప్పుడు నడిస్తే క్లౌడంతా ఖాళీ అవుతుంది. ఇలాంటి స్క్రిప్టులకు తొలగింపుల సంఖ్యను పరిమితం చేసే మ్యాక్స్ డిలీట్ ఆప్షన్ చేర్చడం అత్యవసరమని నా అభిప్రాయం.

ఏ సేవ అయినా, జరపడానికి ముందు కొత్త డిస్కు ఫార్మాట్, అంటే అందులో ఫైళ్లను దాచే ఫైల్ సిస్టమ్ ఏదో చూసుకోవాలి. విండోస్, లినక్స్ రెండూ ఉన్న కంప్యూటర్లలో విండోస్ డీ డ్రైవులో ఖాళీ జాగా కనిపించగానే సింక్ ఫోల్డరును అక్కడికి పంపాలనిపిస్తుంది. ఆ డ్రైవు ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైల్ సిస్టమ్) అయితే ఆ ఆలోచన మానుకోవడమే మేలు. డ్రాప్‌బాక్స్ లినక్స్ క్లయింటు 2018 నవంబరు నుంచి లినక్స్‌లో మామూలుగా వాడే ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4ను మాత్రమే అనుమతించి, 2019లో బీటీఆర్‌ఎఫ్‌ఎస్, ఎక్స్‌ఎఫ్‌ఎస్, జెడ్‌ఎఫ్‌ఎస్, ఈక్రిప్ట్‌ఎఫ్‌ఎస్‌లను చేర్చింది. ఎన్‌టీఎఫ్‌ఎస్ ఆ జాబితాలో లేదు. కొత్త డిస్కును ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేయడమే నిశ్చింత. మామూలు అమరికలో ఈఎక్స్‌టీ4 అయిదు శాతం జాగాను రూట్ (సిస్టమ్ నిర్వాహక ఖాతా) కోసం అట్టిపెట్టుకుంటుంది, 2 టీబీ డిస్కులో అది దాదాపు 100 జీబీ. ఫైళ్లు దాచడానికే వాడే డిస్కులో అంత అవసరం లేదు కాబట్టి ట్యూన్2ఎఫ్‌ఎస్ కమాండుతో ఒక శాతానికి తగ్గించవచ్చు.

డిస్కు ఎక్కడ మౌంట్ అవుతుందన్నది, అంటే ఏ డైరెక్టరీలో తెరుచుకుంటుందన్నది ఇంకా ముఖ్యం. ఫైల్ మేనేజరులో నొక్కినప్పుడు మాత్రమే మౌంట్ అయ్యే డిస్కులో సింక్ ఫోల్డరు పెడితే, లాగిన్ కాగానే మొదలయ్యే క్లయింటుకు ఆ ఫోల్డరు కనబడదు. కాబట్టి డిస్కు యూయూఐడీతో (దాని ప్రత్యేక గుర్తింపు సంఖ్య) ఎఫ్‌ఎస్‌టాబ్‌లో (కంప్యూటరు తెరుచుకునేటప్పుడు ఏ డిస్కులు మౌంట్ చేయాలో చెప్పే ఫైలు) ఒక వరుస రాయాలి. అందులో నోఫెయిల్ ఆప్షన్ చేర్చితే, ఎప్పుడైనా కేబుల్ వదులై డిస్కు అందకపోయినా కంప్యూటరు ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోకుండా తెరుచుకుంటుంది. రాసిన వరుస సరిగా ఉందో లేదో రీస్టార్ట్ చేయకముందే మౌంట్ కమాండును హైఫన్ ఏ ఆప్షన్‌తో నడిపి తెలుసుకోవచ్చు.

అయితే నోఫెయిల్ వల్ల మరో అపాయం వస్తుంది. డిస్కు లేకుండానే కంప్యూటరు తెరుచుకుంటే, మౌంట్ కావలసిన చోట ఖాళీ డైరెక్టరీ మిగులుతుంది, క్లయింటు దాన్నే చూస్తుంది. దీనికి రెండు జాగ్రత్తలు కలిపి తీసుకోవాలి. మొదటిది, డిస్కు పైస్థాయి డైరెక్టరీనే సింక్ ఫోల్డరుగా ఎంచుకోకుండా అందులో ఒక ఉపఫోల్డరు చేసి దాన్ని ఎంచుకోవడం. అప్పుడు డిస్కు లేనప్పుడు ఆ ఉపఫోల్డరు ఖాళీగా కాక అసలు లేనట్టే కనిపిస్తుంది, డ్రాప్‌బాక్స్ వంటి క్లయింటు ఫోల్డరు లేదని చెప్పి ఆగిపోతుంది. ఇందులో ఇంకో లాభం కూడా ఉంది: ఈఎక్స్‌టీ4 డిస్కు పైస్థాయిలో రూట్ యాజమాన్యంలో ఉండే లాస్ట్ ప్లస్ ఫౌండ్ డైరెక్టరీని చదవలేక క్లయింటు మాటిమాటికీ ఎర్రర్ చూపించే బాధ తప్పుతుంది. రెండవది, డిస్కు మౌంట్ కాని స్థితిలో ఆ ఖాళీ డైరెక్టరీకి చాటర్ కమాండుతో ప్లస్ ఐ గుర్తు (అందులో ఎవరూ ఏమీ మార్చలేకుండా చేసేది) పెట్టడం. దానితో క్లయింటు అక్కడ కొత్త ఫోల్డరు సృష్టించి, ఎస్‌ఎస్‌డీలోకే మళ్లీ అన్నీ దించుకునే అవకాశం ఉండదు. డిస్కు మౌంట్ అయ్యాక ఈ గుర్తు అడ్డు రాదు.

ఇక నకలు తీయడం. క్లయింటును పాజ్ చేయడం చాలదు, పూర్తిగా మూసివేసి, ప్రాసెస్ మిగల్లేదని చూసుకోవాలి. ఆర్‌సింక్ అనే నకలు తీసే కమాండుకు చిన్న ఏ, పెద్ద హెచ్, పెద్ద ఏ, పెద్ద ఎక్స్ ఆప్షన్లు ఇస్తే అనుమతులు, హార్డ్ లింకులు, అదనపు యాట్రిబ్యూట్లు, అన్నిటికంటే ముఖ్యంగా ఫైలు చివరగా మారిన సమయం యథాతథంగా వస్తాయి. ఈ సమయం పోతే ఏమవుతుందో నెక్స్ట్‌క్లౌడ్‌లో స్పష్టంగా కనిపిస్తుంది: పాత సింక్ రికార్డు లేనప్పుడు క్లయింటు ఫైలు పరిమాణాన్నీ సమయాన్నీ పోల్చి చూస్తుంది, సమయం తేడా వచ్చిన ఫైళ్లను రెండు వేర్వేరు ప్రతులుగా భావించి కాన్‌ఫ్లిక్ట్ కాపీలు పుట్టించవచ్చు. కాన్‌ఫ్లిక్ట్ కాపీలు కుప్పలుగా కనిపిస్తే మొదట అనుమానించవలసింది ఆప్షన్లు లేకుండా వాడిన కాపీ కమాండునే. ఆర్‌సింక్‌లో మూలం పేరు చివర స్లాష్ ఉంటే లోపలి ఫైళ్లు మాత్రమే, లేకపోతే ఫోల్డరుతో సహా వస్తాయి. ఇది గమనించకపోతే ఫోల్డరులో ఫోల్డరు ఏర్పడి క్లయింటుకు అన్నీ కొత్త ఫైళ్లుగా తోస్తాయి.

నకలు ముగిశాక ఆర్‌సింక్ కోడ్ 23 అని చెప్పిందంటే కొన్ని ఫైళ్లు రాలేదని అర్థం. తెలుగు పేర్లున్న ఫైళ్లలో, ముఖ్యంగా విండోస్ డ్రైవు నుంచి తెస్తున్నప్పుడు, దీనికి ఒక ప్రత్యేక కారణం ఉంది. ఈఎక్స్‌టీ4లో ఫైలు పేరుకు హద్దు 255 బైట్లు. యూటీఎఫ్-8లో (లినక్స్‌లో అక్షరాలను దాచే పద్ధతి) తెలుగు సంకేతం ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది, పైగా గుణింతం గుర్తు, పొల్లు కూడా వేర్వేరు సంకేతాలే. 'గుంటూరు జిల్లా గ్రామ నామాల పరిశీలన రెండవ ముద్రణ తుది ప్రూఫు రచయిత దిద్దుబాట్లతో' అన్న పేరు పీడీఎఫ్ ఎక్స్‌టెన్షన్‌తో కలిపి 221 బైట్లు. దాని చివర 'పేజీలు 1 నుంచి' అని చేర్చగానే 258 అయి, ఈఎక్స్‌టీ4 తిరస్కరిస్తుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ బైట్లను కాక యూటీఎఫ్-16 యూనిట్లను లెక్కిస్తుంది కాబట్టి విండోస్‌లో ఇదే పేరు నిక్షేపంగా చెల్లుతుంది. ఈక్రిప్ట్‌ఎఫ్‌ఎస్‌తో పేర్లను ఎన్‌క్రిప్ట్ చేసిన హోమ్ డైరెక్టరీలో హద్దు ఇంకా తక్కువ, 143 బైట్లే. మరో మార్గం లేదు, పేరు కుదించాలి.

తెలుగులో మరొక చిక్కు ఐత్వం. 'చైత్రం' అన్న పేరులోని ఐత్వాన్ని ఒకే సంకేతంగా రాయవచ్చు, ఎత్వం గుర్తు, దాని కింద మరో గుర్తు అని రెండుగానూ రాయవచ్చు. పాత మ్యాక్‌ల హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ డిస్కులు రెండవ రూపంలో దాచేవి. అలా వచ్చిన ఫైలూ, లినక్స్‌లో టైప్ చేసిన ఫైలూ పక్కపక్కనే ఒకే పేరుతో కనిపిస్తుంటే అది క్లయింటు లోపం కాదు. కన్వ్‌ఎమ్‌వీ ప్రోగ్రాముతో పేర్లను ఎన్‌ఎఫ్‌సీ (ఒకే సంకేతంగా రాసే) రూపానికి మార్చితే సరిపోతుంది. ముందుగా రెండు ఫైళ్లూ తెరిచి ఏది తాజాదో చూసుకోవాలి.

సరిచూడటానికి డిస్కు వాడకం అంకెలను నమ్మవద్దు, రెండు డిస్కుల బ్లాకు అమరికలు వేరైతే అవీ వేరుగా వస్తాయి. ఆర్‌సింక్‌నే మరోసారి చిన్న ఎన్, చిన్న సీ, చిన్న వీ ఆప్షన్లు కూడా చేర్చి నడిపితే, ఏమీ మార్చకుండానే ప్రతి ఫైలు లోపలి సమాచారాన్నీ పోల్చి, తేడా ఉన్నవాటి పేర్లు చెబుతుంది. సమయం పడుతుంది, ఆగండి. తరువాత పాత ఫోల్డరును తొలగించకుండా పేరు మాత్రమే మార్చి, క్లయింటుకు కొత్త దారి చూపించాలి.

క్లయింటు మొదలయ్యాక రాయలేకపోతున్నానని అంటే, కొత్త డిస్కు ఫోల్డరు ఇంకా రూట్ పేరుతోనే ఉండి ఉండవచ్చు. చౌన్ కమాండుతో యాజమాన్యం మార్చాలి. స్నాప్ (ఉబుంటు ప్యాకేజీ పద్ధతి) ద్వారా ఇన్‌స్టాల్ చేసిన క్లయింటు హోమ్ డైరెక్టరీ బయట దేన్నీ చూడలేకపోతే, మీడియా కింద మౌంట్ చేసిన డిస్కుకు రిమూవబుల్ మీడియా ఇంటర్‌ఫేస్‌ను కలపాలి. అలాంటి మరో పద్ధతి ఫ్లాట్‌పాక్ అయితే ఓవర్‌రైడ్ కమాండుతో ఆ దారికి అనుమతి ఇవ్వాలి. క్లౌడు నుంచి మార్పులు వస్తున్నా ఇక్కడి మార్పులు పైకి వెళ్లకపోతే ఇనోటిఫై (ఫైళ్ల మార్పులను ప్రోగ్రాములకు తెలిపే లినక్స్ ఏర్పాటు) హద్దు చూడాలి. 5.11కు ముందరి కెర్నెళ్లలో ఒక వినియోగదారుడికి దక్కే గమనింపులు మామూలుగా 8192 మాత్రమే, సిస్‌సీటీఎల్ (కెర్నెల్ సెట్టింగులు మార్చే) అమరికలో దాన్ని లక్షకు పెంచితే సమస్య తీరుతుంది.

ఇన్ని జాగ్రత్తల తరువాత కూడా క్లౌడులో ఫైళ్లు మాయమవుతున్నట్టు కనిపిస్తే వెంటనే నెట్ కేబుల్ తీసి, క్లయింటును ఆపి, మరో కంప్యూటరు నుంచి వెబ్‌సైటులోకి వెళ్లండి. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో ఫైళ్లు 30 రోజులు ఉంటాయి, డ్రాప్‌బాక్స్ ఉచిత ఖాతాలోనూ తొలగించిన ఫైళ్లను 30 రోజుల లోపు తిరిగి తెచ్చుకోవచ్చు. అక్కడ అన్నీ పునరుద్ధరించి, సంఖ్య సరిపోయిందని చూసుకున్నాకే ఈ కంప్యూటరును మళ్లీ నెట్‌కు కలపాలి. పేరు మార్చి ఉంచిన పాత ఫోల్డరును అప్పటిదాకా ముట్టుకోవద్దు.