వెల్డింగ్ పెట్టించిన ప్రతిసారీ చెక్ ఇంజిన్ లైటు: మా బండికి పనిచేసింది ఇదీ

బాడీకి వెల్డింగ్ పెట్టించినప్పుడల్లా మా ట్రక్కుకి చెక్ ఇంజిన్ లైటు వెలిగేది, ఒకసారైతే ఈసీఎం (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటరు) పోయి జేబుకు పెద్ద చిల్లే పడింది. ఫ్యూజులు, సెన్సరు మార్చాం, బ్యాటరీ నెగటివ్ ఒక్కటే తీసి చూశాం, లాభం లేదు.

మొన్న బాడీ పగిలితే విజయవాడ ఆటోనగర్‌లో దగ్గరుండి వెల్డింగ్ చేయించాను. కీ తీసి, కాసేపాగి, ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్ తీయించా. ఈసీఎం కప్లర్లు (వైర్లు కలిపే ప్లగ్గులు), బ్యాటరీని చార్జ్ చేసే ఆల్టర్నేటర్ వైర్లు ఊడదీశాం. అసలు సంగతి ఎర్త్ క్లాంపు, అంటే వెల్డింగ్ మెషిన్ ఎర్త్ వైరుని బండికి తగిలించే క్లిప్పు. ఇదివరకు బంపర్‌కో ఎక్కడో దూరంగా తగిలించేవాళ్లు, అలాగైతే కరెంటు బేరింగుల్లోంచో వైరింగులోంచో దారి వెతుక్కుంటుంది. ఈసారి పగులుకు జానెడు దూరంలో పెయింటు గీకించి, ఇనుము తళతళలాడాక అక్కడే బిగించాం. అంతా చల్లారాక పాజిటివ్ ముందు, నెగటివ్ చివర.

లైటు రాలేదు. క్లాంపు వల్లేనని నా నమ్మకం, కానీ అన్నీ ఒకేసారి చేశాం కదా. మాది బీఎస్-4 (పాత కాలుష్య ప్రమాణం) డీజిల్, కొత్త బీఎస్-6 బండ్లకి తీయాల్సిన కప్లర్లు ఇంకా ఉండొచ్చు, మాన్యువల్ చూసుకోండి.