ఈల్ కొనేముందు మూత చూసుకోండి

చెన్నైలో ఉప్పునీటి ట్యాంకు పెట్టి లయన్‌ఫిష్, స్నోఫ్లేక్ ఈల్ (పాములా ఉండే చేప) లాంటి వేటాడే చేపల్ని పెంచాలనుకుంటున్నారా? పెంపుడు చేపల దుకాణాలుండే కొళత్తూరు వెళ్లేముందే ట్యాంకు మూత సంగతి తేల్చుకోండి. ఈల్ రాత్రిపూట సందులు వెతుక్కుంటుంది. ఫిల్టర్ పైపు, పంపు వైరు దూరేచోట తల పడితే చాలు, ఒళ్లంతా జారి బయటికొచ్చేస్తుంది. తెల్లారి చూస్తే నేలమీద ఎండిపోయి ఉంటుంది, పాపం. ఆ సందుల్ని వలతో మూసి, మూతమీద బరువు పెట్టండి.

రాళ్లు ఇసుకమీద కాదు, అడుగు గాజుమీదే ఆనించి పేర్చండి. వాటి కింది ఇసుకను ఈల్ తవ్వితే కూలిపోతాయి.

మాంసం తినే చేపలు నీటిని తొందరగా పాడుచేస్తాయి కాబట్టి ప్రొటీన్ స్కిమ్మర్ (నీటిలోని మలినాల్ని నురగతో తీసేసే పరికరం) కాస్త పెద్దదే తీసుకోండి. కొత్త ట్యాంకు నీళ్లలో చేపలకు విషమైన అమ్మోనియా, నైట్రైట్ సున్నాకు వచ్చాకే చేపను వదలాలి, నెల పైన పట్టినా సరే. మెరీనా బీచ్ సముద్రపు నీళ్లు మాత్రం వద్దు. ఆర్వో నీళ్లలో మెరైన్ సాల్ట్ కలిపి సాంద్రత 1.025 దగ్గర ఉంచండి. మన ఎండలకు నీటిని చల్లబరిచే చిల్లర్ తప్పదు, 26 డిగ్రీల దగ్గర నిలపాలి.

మేతగా గప్పీలు (చిన్న చేపలు) వేయొద్దు. రొయ్య, స్క్విడ్ ముక్కల్ని పొడవాటి పటకారుతో అందించండి. ఈల్‌కు చూపు తక్కువ, వాసన పట్టే వస్తుంది. రొయ్య వాసన ఉన్న వేలిని కూడా కరిచేస్తుంది.