చలికాలపు నగరంలో విద్యార్థి చిన్న విహారాలకు ఎలా బయలుదేరాలి

ఉత్తరార్ధగోళంలో డిసెంబరు 21 లేదా 22న పగలు అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది కాబట్టి, విహారాన్ని సాయంత్రానికి వాయిదా వేయకుండా, మధ్యాహ్నం రెండు తరగతుల మధ్య దొరికే గంటలోనే బయలుదేరడం మంచిది. ఒకే మందపాటి చొక్కాకు బదులు రెండు మూడు పలుచని దుస్తులు వేసుకోండి. వాటి పొరల మధ్య నిలిచే గాలి ఒంటి వెచ్చదనాన్ని కాపాడుతుంది, నడకలో చెమట పట్టినప్పుడు ఒకటి విప్పేయవచ్చు.

ఆకులు రాల్చిన చెట్లున్న పార్కులో ఎండ తగిలే బల్ల చూసుకుని పావుగంట కదలకుండా కూర్చుంటే, వేసవిలో కూత మాత్రమే వినిపించిన పిట్ట ఇప్పుడు కొమ్మ మీద ఈకలు ఉబ్బించుకుని బంతిలా కూర్చోవడం కనిపిస్తుంది. మ్యూజియానికి వెళితే ఒక్క గది మాత్రమే చూడండి, మిగతావి మరో వారానికి ఉంచుకోండి.

నా దృష్టిలో ఈ కాలపు అసలైన ఆనందం ఆకాశమే. జనవరి రాత్రి ఎనిమిది గంటలకు, వీధి దీపం నేరుగా కంట్లో పడని మేడపైకి వెళ్లి, ఫోన్ జేబులో పెట్టి, కళ్లు చీకటికి అలవాటు పడేందుకు ఇరవై నిమిషాలు ఆగండి. వరుసగా నిలిచిన మూడు చుక్కలే గొల్లకావడి. ఆ గీతను ఎడమకు కిందికి పొడిగిస్తే రాత్రి ఆకాశంలోకెల్లా ప్రకాశవంతమైన నక్షత్రం సిరియస్, కుడికి పైకి పొడిగిస్తే ఎర్రని రోహిణి కనిపిస్తాయి. నగర కాంతిలో కూడా ఇవి చక్కగా కనిపిస్తాయి. స్నేహితుణ్ణి వెంట తీసుకువెళ్లి, వేలితో చూపించండి.