మాత్రల కీమోకి నేను ఎలా సిద్ధపడ్డానంటే

పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్‌లో గడ్డ మొత్తం తీసేశామన్నారు. హమ్మయ్య అనుకునేలోపే కీమో మాట వచ్చింది. లింఫ్ గ్రంథుల్లో కూడా క్యాన్సర్ కణాలు కనిపించాయట, అంటే స్టేజ్ 3. వారం రోజులు ఎటూ తేల్చుకోలేకపోయాను. చివరికి డాక్టర్ని సూటిగా అడిగాను: కీమో లేకపోతే నాకు తిరగబెట్టే అవకాశం ఎంత, తీసుకుంటే ఎంత తగ్గుతుంది? ఆ లెక్క కాగితం మీద రాయించుకున్నాక సగం టెన్షన్ పోయింది. కేపెసిటాబిన్ అనే కీమో మాత్రలకి సరేనన్నాను.

ముందు డీపీడీ పరీక్ష చేశారు. డీపీడీ అంటే ఒంట్లో ఈ మందుని అరగదీసే ఎంజైమ్; అది తక్కువగా ఉన్నవాళ్లకి మామూలు డోసు కూడా ప్రాణం మీదికి తేవచ్చు. నేను వాడే మందులన్నీ సంచిలో వేసుకెళ్లి చూపించాను. అందులో ఫోలిక్ యాసిడ్ ఉంది. విటమినే కదా అనుకున్నాను గానీ, అది ఈ కీమో దుష్ప్రభావాల్ని పెంచుతుందట, ఆపించారు.

నన్ను తిప్పలు పెట్టింది మాత్రం లెక్క. 14 రోజులు మాత్రలు, 7 రోజులు విరామం. రోజుకి రెండుసార్లు, తిన్న అరగంటలోపు. పైగా 500, 150 మిల్లీగ్రాముల మాత్రలు కలిపి వేసుకోవాలి. మూడో రోజే వేసుకున్నానో లేదో గుర్తు రాలేదు! మళ్లీ వేసుకోకుండా ఫోన్ చేశాను. వదిలేయమన్నారు, తర్వాతి పూట రెట్టింపు చేయొద్దన్నారు. ఆ రోజే పూటపూటకీ గడులున్న డబ్బా కొన్నాను, క్యాలెండర్‌లో టిక్కులు మొదలుపెట్టాను. మళ్లీ లెక్క తప్పలేదు.

ఈ మందుకి అరచేతులూ అరికాళ్లూ ఎర్రబడి పగలొచ్చని, వాటికి మొదటి రోజు నుంచే క్రీమ్ రాశాను. విరేచనాలు రోజుకి మామూలు కంటే నాలుగుసార్లు ఎక్కువైతే మాత్రలు ఆపి ఫోన్ చేయమన్నారు. ఆ నంబరు ఫ్రిజ్ మీద ఇప్పటికీ ఉంది.