అప్పీలుకు వెళ్లేముందు లెక్కపెట్టాల్సిన రోజులు

తీర్పు వెలువడిన రోజు చేయాల్సిన పని ఒక్కటే. తీర్పు తేదీ, కేసు నంబరు, కోర్టు పేరు కాగితం మీద రాసుకుని, కుదిరితే ఆ రోజే, లేకపోతే మర్నాడు పొద్దున్నే సర్టిఫైడ్ కాపీకి, అంటే కోర్టు ధ్రువీకరించిన నకలుకు, దరఖాస్తు పెట్టడం. తీర్పు ఎంత అన్యాయమో మాట్లాడుకోవడానికి తర్వాత బోలెడు టైముంటుంది. ఈ-కోర్ట్స్ సైట్లో 16 అక్షరాల సి.ఎన్.ఆర్. నంబరు (ప్రతి కేసుకూ ఇచ్చే గుర్తింపు సంఖ్య) కొడితే తీర్పు పి.డి.ఎఫ్. దొరకవచ్చు. అది చదువుకోవడానికే పనికొస్తుంది, దాఖలు చేయడానికి సర్టిఫైడ్ నకలే కావాలి. 2002 నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం సివిల్ అప్పీలుకు తీర్పు నకలు చాలు. అయినా తీర్పు, డిక్రీ (తీర్పులోని ఆదేశాన్ని విడిగా రాసే కాగితం) రెండింటికీ ఒకేసారి అడగడం మేలు.

గడువు ఎంత, ఎలా లెక్కపెట్టాలి

సివిల్ తీర్పు మీద హైకోర్టుకు వెళ్లాలంటే 90 రోజులు, జిల్లాలోని పైకోర్టుకైతే 30 రోజులు. క్రిమినల్ కేసులో శిక్షపడితే హైకోర్టుకు 60, సెషన్స్ కోర్టుకు 30. మరణశిక్ష అయితే 30 రోజులే. తీర్పు చెప్పిన రోజును లెక్కలో వేయరు. నకలు తయారవడానికి పట్టిన రోజులనూ లిమిటేషన్ చట్టం (గడువుల చట్టం) 12వ సెక్షన్ కింద మినహాయిస్తారు.

2025 మార్చి 3న తీర్పు వచ్చింది, 30 రోజుల గడువు అనుకుందాం. మార్చి 4 మొదటి రోజు, ఏప్రిల్ 2 ముప్ఫయ్యో రోజు. నకలు దరఖాస్తు మార్చి 10న పెట్టారు, ఛార్జీలు అడిగిన రోజే కట్టారు, 21న నకలు సిద్ధమైంది. 10 నుంచి 21 దాకా రెండు చివరలూ కలిపి 12 రోజులు. ఏప్రిల్ 2కు పన్నెండు కలిపితే ఏప్రిల్ 14. అది అంబేడ్కర్ జయంతి, కోర్టుకు సెలవు. కాబట్టి 15న వేసినా గడువులో ఉన్నట్టే.

ఇదే లెక్క ఎక్కడ తప్పుతుందో చూడండి. నకలు 21నే సిద్ధమైనా 28న వెళ్లి తెచ్చుకుంటే ఆ ఏడు రోజులు మీ ఖాతాలోవే. ఛార్జీలు అడిగాక ఆలస్యంగా కట్టినా అంతే. డిక్రీ ఇంకా రాయలేదని దరఖాస్తే పెట్టకుండా కూర్చున్న రోజులకు మినహాయింపు లేదు. గడువు దాటాక పెట్టిన దరఖాస్తు అసలు అక్కరకు రాదు. దరఖాస్తు, ఛార్జీలు, సిద్ధమైన రోజు, ఇచ్చిన రోజు అన్నీ నకలు మీదే స్టాంపు వేసి ఉంటాయి. కోర్టు ఆఫీసు మొదట చూసేది ఆ తేదీలనే.

గడువు దాటితే లిమిటేషన్ చట్టం 5వ సెక్షన్ కింద ఆలస్యం మాఫీ పిటిషన్, అఫిడవిట్ జతచేయాలి. "ఆరోగ్యం బాగోలేదు" అని ఒక్క ముక్క రాస్తే ఎదుటివాళ్ల లాయరుకు పండగే. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఏ ఆసుపత్రిలో, ఏ కాగితం ఆధారంగానో రాయాలి.

సివిల్: గ్రౌండ్స్, ఫీజు, స్టే

మొదటి అప్పీలు సి.పి.సి. (సివిల్ ప్రొసీజర్ కోడ్) 96వ సెక్షన్ కింద. అందులో సంగతులనూ చట్టాన్నీ మళ్లీ పరిశీలిస్తారు. రెండో అప్పీలు, అంటే 100 కింద వేసేది, గట్టి చట్టప్రశ్న ఉంటే తప్ప నిలవదు. డబ్బు వసూలు దావా విలువ 25,000 దాటకపోతే అదీ లేదు. రాజీ డిక్రీ మీద అప్పీలు ఉండదు.

ఎక్కువమంది గ్రౌండ్స్ (తీర్పు తప్పనడానికి చూపే కారణాలు) దగ్గర దెబ్బతింటారు. "కింది కోర్టు సాక్ష్యాన్ని సరిగా పరిశీలించలేదు" అన్న వాక్యంతో ఏ తీర్పునైనా తిట్టొచ్చు, దేన్నీ పడగొట్టలేం. తీర్పు నకలు ముందు పెట్టుకుని పేరా నంబర్లు వేసుకోండి. ప్రతి ఇష్యూ (కోర్టు తేల్చాల్సిన వివాదాంశం) దగ్గరా కోర్టు ఏ కాగితాన్ని, ఎవరి సాక్ష్యాన్ని నమ్మిందో మార్జిన్‌లో రాయండి. అప్పుడు గ్రౌండ్ ఇలా వస్తుంది (ఎ-3 అంటే వాది తరఫు మూడో కాగితం, డి.డబ్ల్యూ.1 అంటే ప్రతివాది వైపు మొదటి సాక్షి, క్రాస్ అంటే ఎదుటి లాయరు సాక్షిని ప్రశ్నించడం): "ఎ-3 రశీదు మీద సంతకం తనదేనని డి.డబ్ల్యూ.1 క్రాస్‌లో ఒప్పుకున్నా, 14వ పేరాలో రశీదు రుజువు కాలేదని కోర్టు నిర్ణయించింది." ఇలాంటివి నాలుగుంటే నలభై పేజీలు అక్కర్లేదు. కింద చూపని కాగితం కొత్తగా చూపాలంటే సి.పి.సి. ఆర్డర్ 41 రూల్ 27 కింద వేరే పిటిషన్ వేసి, ముందే ఎందుకు తేలేకపోయారో చెప్పాలి.

కోర్టు ఫీజు సవాలు చేస్తున్న భాగం మీదే కడతారు. పది లక్షల దావాలో ఆరు లక్షలకు డిక్రీ అయితే ప్రతివాది అప్పీలు విలువ ఆరు లక్షలు. స్త్రీలకు, ఎస్.సి., ఎస్.టి.లకు, జైల్లో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ద్వారా ఉచిత న్యాయసహాయం ఉంటుంది.

అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ ఆగదు. స్టే పిటిషన్ విడిగా వేయాలి. డబ్బు డిక్రీ అయితే కొంత డిపాజిట్ చేయమనడం మామూలే. చేతిలో ఏదీ లేకుండా వెళ్లి షరతుల్లేని స్టే ఆశించడం అత్యాశ. అప్పీలు గడువు ఇంకా ఉండగా తీర్పిచ్చిన కోర్టునే కొద్దిరోజుల స్టే అడగొచ్చు. గెలిచినవాళ్లయితే పైకోర్టులో కేవియట్ (మమ్మల్ని వినకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని ముందే వేసే పిటిషన్) వేసుకోవాలి, అది 90 రోజులు పనిచేస్తుంది.

కాగితాలు ఇచ్చాక ముందు ఎస్.ఆర్. నంబరే (అసలు అప్పీలు నంబరుకు ముందు ఇచ్చే తాత్కాలిక నంబరు) వస్తుంది. ఆఫీసు అభ్యంతరాలతో వెనక్కిస్తే, ఇచ్చిన గడువులో సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. అప్పీలు వేసేశామన్న ధీమాతో ఆ కట్టను గూట్లో పడేసి, తిరిగి ఇవ్వడంలో ఆలస్యానికి ఇంకో పిటిషన్ వేసుకునేవాళ్లు తక్కువేం కాదు.

క్రిమినల్: జామీనుదారుల్ని ముందే పిలవండి

2024 జులై 1 నుంచి ఇక్కడ నడిచేది బి.ఎన్.ఎస్.ఎస్. (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అంటే క్రిమినల్ కేసుల విధాన చట్టం). సెషన్స్ జడ్జి వేసిన శిక్ష మీద, ఏ కోర్టయినా ఏడేళ్లు దాటి వేసిన శిక్ష మీద హైకోర్టుకు వెళ్లాలి. మేజిస్ట్రేట్ వేసిన శిక్ష మీద సెషన్స్ కోర్టుకు. జైలుశిక్ష పడితే తీర్పు నకలు ముద్దాయికి వెంటనే ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి.

శిక్ష మూడేళ్లలోపు ఉండి, ముద్దాయి అప్పటికే బెయిలు మీద ఉంటే, శిక్ష వేసిన కోర్టే 430వ సెక్షన్ కింద అప్పీలు వేసుకునేదాకా బెయిలు ఇవ్వగలదు. అందుకే తీర్పు రోజున పిటిషన్ టైపు చేయించి, జామీనుదారుల్ని వాళ్ల కాగితాలతో సహా కోర్టు దగ్గరే ఉంచుకోవాలి. మధ్యాహ్నం తీర్పొచ్చాక ఊళ్లోంచి పిలిపించుకుంటే ఆ రాత్రి జైల్లోనే. జైల్లో ఉన్నవారు జైలు అధికారి ద్వారా కూడా అప్పీలు పంపుకోవచ్చు.

చెక్ బౌన్స్ కేసులో మరో మెలిక ఉంది. జరిమానా లేదా పరిహారంలో కనీసం 20 శాతం డిపాజిట్ చేయమని పైకోర్టు ఆదేశించవచ్చు. ఐదు లక్షలకు లక్ష. ఆ డిపాజిట్ కట్టడానికి గడువు 60 రోజులు, కారణం చూపితే మరో 30.

కుటుంబ కేసులు

ఫ్యామిలీ కోర్టు తీర్పు మీద ఫ్యామిలీ కోర్టుల చట్టం 19వ సెక్షన్ కింద హైకోర్టుకే వెళ్లాలి, ఇద్దరు జడ్జీల బెంచి వింటుంది. ఆ చట్టం 30 రోజులంటుంది, హిందూ వివాహ చట్టం 28వ సెక్షన్ 90 అంటుంది. ఏది వర్తిస్తుందన్న వాదనలో మీ కేసు ఇరుక్కోకుండా 30లోపే వేసేయండి. పరస్పర అంగీకార విడాకుల మీద అప్పీలు లేదు. బి.ఎన్.ఎస్.ఎస్. 144 కింద ఇచ్చిన మనోవర్తి ఉత్తర్వు మీద కూడా అప్పీలు కాదు, రివిజన్ (ఉత్తర్వు చట్టప్రకారం సరైనదేనా చూడమని పైకోర్టును అడిగే పిటిషన్) వేయాలి. గృహహింస చట్టం కింద మేజిస్ట్రేట్ ఉత్తర్వు మీదైతే 30 రోజుల్లో సెషన్స్ కోర్టుకు. విడాకుల డిక్రీ చేతికొచ్చిందని వెంటనే పెళ్లి ముహూర్తం పెట్టుకోకూడదు. అప్పీలు గడువు ముగియాలి, లేదా వేసిన అప్పీలు కొట్టివేయబడాలి.

పైకోర్టు తీర్పు చేతికొచ్చాక

ముందు చివరి పేరా చదవండి. కొట్టివేశారా, అనుమతించారా, పాక్షికంగానా, రిమాండ్ చేశారా అన్నది అక్కడుంటుంది. రిమాండ్ అంటే గెలుపు కాదు, కేసు మళ్లీ కింది కోర్టుకే వెళ్తుంది. ఏ ఇష్యూ మీద వినమన్నారో, హాజరు తేదీ ఏదో గుర్తుపెట్టుకోండి. హైకోర్టులో ఓడిపోతే సుప్రీంకోర్టులో ఎస్.ఎల్.పి.కి (అప్పీలుకు ప్రత్యేక అనుమతి కోరే పిటిషన్‌కు) మామూలుగా 90 రోజులు. సివిల్ అప్పీలు గెలిస్తే, ఈలోగా డిక్రీ కింద కట్టిన డబ్బు దానంతటదే తిరిగిరాదు. సి.పి.సి. 144 కింద మొదటి కోర్టులోనే పిటిషన్ వేసి రాబట్టుకోవాలి.