లా కాలేజీలో చేరారా? ముందు గైడ్లు పక్కన పెట్టండి

మొదటి సెమిస్టర్‌లో గైడ్లు కొని డబ్బులు దండగ చేసుకున్నాను. మీరు బేర్ యాక్ట్ (వివరణలు లేకుండా చట్టం మాత్రమే ఉండే పుస్తకం) కొనండి. రోజుకు రెండు సెక్షన్లు, పైకి చదవండి. పాత పుస్తకం మాత్రం వద్దు: 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యకు శిక్ష ఇప్పుడు 302 కాదు, 103. (మా నాన్నకు ఇంకా 302 అంటేనే అర్థమవుతుంది.)

క్లాసు లేని రోజు నాంపల్లి క్రిమినల్ కోర్టుకు వెళ్లండి. ఫోన్ సైలెంట్‌లో పెట్టి వెనక బెంచీలో కూర్చోండి. నేను తొలిరోజు విన్నవన్నీ వాయిదాలే, విసుగొచ్చింది. నాలుగోసారి ఒక క్రాస్ ఎగ్జామినేషన్ దొరికింది. సాక్షి నోట ‘చీకటిగా ఉంది’ అనిపించడానికి లాయరుగారు పావుగంట సేపు కరెంటు స్తంభం గురించే అడిగారు. ఎవిడెన్స్ పాఠం నాకు ఆ రోజే ఎక్కింది.

మూట్ కోర్టుకు (విద్యార్థులు ఉత్తుత్తి కేసు వాదించే పోటీ) పేరివ్వండి, ఓడినా ఫర్వాలేదు.

మూడేళ్ల ఎల్ఎల్‌బీకి కనీసం 12 వారాల ఇంటర్న్‌షిప్ ఉంటుంది. చివరిదాకా ఆగి టెన్షన్ పడొద్దు. పెద్ద ఆఫీసు కోసం చూడకుండా జిల్లా కోర్టు సీనియర్ దగ్గర చేరండి. వకాలత్ (తన తరఫున వాదించమని క్లయింటు లాయరుకు ఇచ్చే పత్రం) నింపడం, కోర్టు కాగితాల నకలు కోసం కాపీ అప్లికేషన్ పెట్టడం వస్తాయి. టీ తెమ్మంటే తెండి, క్లయింటుతో ఏం మాట్లాడుతున్నారో వినొచ్చు.