వానలు పడకముందే సంపు నీళ్లు పరీక్షకు పంపండి

బెంగళూరులో ఫ్లాటు చూడ్డానికి వచ్చిన మనవాళ్లు చాలామంది ముందుగా బయటికి తీసేది టీడీఎస్ పెన్ను. గ్లాసులో ముంచి, 180 అని కనబడగానే "నీళ్లు బావున్నాయి" అని తేల్చేస్తారు. ఆ పెన్ను చెప్పేది నీళ్లలో కరిగిన లవణాల సంగతి మాత్రమే. సంపులో చెంబెడు డ్రైనేజీ నీళ్లు పోసినా దాని అంకె కదలదు. టైఫాయిడ్, కలరా తెచ్చే క్రిములు దాని కంటికి ఆనవు. నీళ్లు తేటగా ఉన్నాయి, వాసన లేదు అన్నదీ అలాంటి భరోసాయే.

కావేరి నీళ్లు దాదాపు 100 కిలోమీటర్ల అవతలి నుంచి వస్తాయి, శుద్ధి చేసి క్లోరిన్ కలిపాకే వస్తాయి. చిక్కంతా వీధిలోకి వచ్చాక మొదలవుతుంది. సరఫరా లేని గంటల్లో పైపులో ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు చిల్లున్న చోటల్లా చుట్టూ నిలిచిన నీటిని పైపు లోపలికి పీల్చుకుంటుంది. వానాకాలంలో ఆ చుట్టూ నిలిచేది చాలాచోట్ల మురుగే. ఇక మన సంపు ఉండేది పార్కింగులో కార్ల కింద, డ్రైనేజీ ఛాంబరు పక్కనే. మూత నేలకు సమంగా ఉంటే ఒక్క గట్టి వానకే పార్కింగంతా కడిగిన నీళ్లు అందులోకి దిగుతాయి. కాబట్టి మే నెలలోనే మూత చుట్టూ జానెడు ఎత్తున గట్టు కట్టించండి. ఓవర్‌ఫ్లో పైపుకు జాలీ బిగించండి. మురుగును శుద్ధి చేసే ఎస్టీపీ నుంచి వచ్చిన నీళ్లు ఫ్లష్‌కు వాడే అపార్టుమెంట్లలో ఆ లైనుకీ మంచినీళ్ల లైనుకీ ఎక్కడైనా కలయిక ఉందేమో ప్లంబరుతో చూపించండి. టాంకరు రాని రోజు ఎవరో "తాత్కాలికంగా" పెట్టిన వాల్వు అక్కడే ఉండిపోయి ఉండొచ్చు.

తర్వాత శాంపిలు. మా అపార్టుమెంటులో మొదటిసారి చేసిన తప్పు చెబుతాను. ట్యాంకులు బ్లీచింగుతో కడిగించిన మర్నాడే, ఖాళీ మినరల్ వాటర్ సీసాలో నీళ్లు పట్టి ల్యాబుకు పంపాం. రిపోర్టు అద్దంలా వచ్చింది. అందరం సంబరపడ్డాం. మూడు వారాలకి మూడో అంతస్తులో వరసగా విరేచనాలు. నీళ్లలో మిగిలిన క్లోరిన్ దారిలోనే క్రిముల్ని చంపేసి ఉంటుంది, ల్యాబుకు దొరికింది వట్టి నీళ్లు. అందుకే కడిగించకముందు ఒకసారి, కడిగించిన వారం పదిరోజులకి ఇంకోసారి పరీక్ష చేయించాలి.

సీసా ల్యాబువాళ్లే ఇస్తారు. క్రిములు లేకుండా చేసిన ఆ సీసాలో కాస్త సోడియం థయోసల్ఫేట్ వేసి ఉంటుంది, క్లోరిన్‌ను విరిచేది అదే. దాన్ని కడగొద్దు. మా ప్లంబరు శ్రద్ధగా రెండుసార్లు కడిగి "నీర్ చెన్నాగిదె సార్" (నీళ్లు బావున్నాయి సార్) అన్నాడు, మళ్లీ కొత్త సీసా తెచ్చుకోవాల్సి వచ్చింది. కుళాయి మూతికి ఉన్న జాలీ విప్పి, మూతిని శుభ్రం చేసి, రెండు మూడు నిమిషాలు నీళ్లు వదిలేశాకే పట్టాలి. మూత లోపలి వైపు వేలు తగలకూడదు. పైన కాస్త ఖాళీ ఉంచి, ఐసు పెట్టిన డబ్బాలో సర్ది, వీలైతే 6 గంటల్లోపు ల్యాబులో ఇవ్వాలి. సిల్క్‌బోర్డు ట్రాఫిక్కు లెక్కేసుకుని పొద్దున్నే బయల్దేరండి.

ఒక్క కుళాయితో సరిపెట్టకండి. టాంకరు గొట్టం దగ్గర ఒకటి, సంపులో ఒకటి, పై ట్యాంకు కింద ఒకటి, అన్నింటికన్నా దూరంగా ఉన్న ఫ్లాటు వంటింట్లో ఒకటి. ఎక్కడ మొదట చెడిందో తెలిస్తేనే ఎవరిని నిలదీయాలో తెలుస్తుంది. ల్యాబులో అడగాల్సింది కోలిఫాం, ఈ.కోలి అనే క్రిముల పరీక్షలు. ఈ.కోలి ఉండేది మనుషుల, జంతువుల పేగుల్లో. అది కనబడిందంటే నీళ్లలో మలం కలిసిందనే అర్థం. తాగే నీళ్లకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్లలో ఈ రెండూ అసలు కనబడకూడదు. "కొంచెమే ఉంది" అన్న మాటకి అక్కడ చోటు లేదు.

ల్యాబుకు వెళ్లలేనివాళ్లకి ఇంట్లోనే క్రిముల్ని పసిగట్టే హెచ్2ఎస్ సీసాలు ఉన్నాయి. గీత దాకా నీళ్లు పోసి వెచ్చని చోట ఉంచాక 24 నుంచి 48 గంటల్లో నల్లబడితే అనుమానించాల్సిందే. నల్లబడలేదు కదా అని పూర్తిగా నమ్మడానికి లేదు. ఇది మొదటి అంచనాకి చేసే పరీక్షే.

ఈ.కోలి కనబడితే, రెండో రిపోర్టు వచ్చేదాకా తాగే నీళ్లు తెర్లనిచ్చి, ఆపైన ఒక నిమిషం మరిగించి తాగండి. సంపుకు బ్లీచింగు లెక్క ఇది: 25 శాతం క్లోరిన్ ఉన్న పొడి అయితే 10,000 లీటర్లకు 80 గ్రాములు వేస్తే లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ అందుతుంది. బకెట్టులో కలిపి, సున్నం అడుగుకు దిగాక పైతేట మాత్రమే పోసి, కనీసం అరగంట ఆగాలి. ఆఖరి కుళాయి దగ్గర లీటరుకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ అయినా మిగలాలి, చిన్న కిట్టుతో చూసుకోవచ్చు. బ్లీచింగు దగ్గరికి బాత్రూం యాసిడ్ సీసా రానివ్వకండి, రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది.

సంపులోకి మనిషిని దించేముందు మూతలన్నీ గంటల తరబడి తెరిచి, గాలి బాగా ఆడనివ్వాలి. నడుముకు తాడు కట్టాలి, పైన ఇద్దరు కదలకుండా నిలబడాలి. లోపలివాడు పడిపోతే వెనకే దూకిన రెండోవాడి ప్రాణమూ పోతుంది. ఈ పనిలో బేరాలాడకండి.

ఎండాకాలం సెలవులకి నెల్లూరో కడపో వెళ్లి జూన్‌లో తిరిగొచ్చేవాళ్లకి ఇంకో సంగతి. నెల్లాళ్లు పైపుల్లో నిలిచిన గోరువెచ్చని నీళ్లలో లీజియోనెల్లా పెరగొచ్చు. 1976లో ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో జరిగిన సమావేశానికి వచ్చినవాళ్లకి న్యుమోనియా తెచ్చి పేరు పొందిన క్రిమి అది. తాగితే వచ్చేదానికన్నా షవర్ తుంపరను పీల్చితే వచ్చే ప్రమాదమే ఎక్కువ. అది బాగా పెరిగేది 20 నుంచి 45 డిగ్రీల మధ్య. మబ్బుపట్టిన రోజుల్లో మన డాబా మీది సోలార్ హీటరులో నీళ్లు ఉండేదీ ఆ వేడిలోనే. ఇంట్లో అడుగుపెట్టగానే కిటికీలు తెరిచి, కుళాయిలన్నీ ఐదు నిమిషాలు వదిలేయండి. షవర్ తల విప్పి బకెట్టులోకి నీళ్లు పోనిచ్చి తర్వాత బిగించండి. సోలారుకు కరెంటు కాయిల్ ఉంటే అప్పుడప్పుడు 60 డిగ్రీలకు కాయనివ్వండి, పిల్లల చేతులు కాలకుండా చూసుకుంటూ.

ఆ నెల్లాళ్లూ ఆర్వోలో నిలిచిన నీళ్లు కూడా పారబోయండి. దాని ఫిల్టరు క్లోరిన్‌ను తీసేస్తుంది కాబట్టి, లోపలి ట్యాంకులో క్రిములకి అడ్డుచెప్పేదేమీ ఉండదు.